ఆపా దుకాణంలో కంప్యూటర్ కూడా అమానతే



ఈసారి కంప్యూటర్ గురించి రాస్తున్నాను. "మనకెందుకు మియా, అవన్నీ పిల్లలు చూసుకుంటారు" అని పక్కన పెట్టేయకండి. పిల్లలు చూసుకున్నందువల్లే ఇది రాయాల్సి వచ్చింది.

మందసలో మా ఆపాకి చిన్న దుకాణం ఉంది. జిరాక్స్, ప్రింట్లు, లామినేషన్, ఆన్‌లైన్ దరఖాస్తులు. దూల్హాభాయ్ ఇంతెఖాల్ అయ్యాక ఆ ఇంటి రోజీ అంతా ఆ ఒక్క కంప్యూటర్, ఆ ఒక్క ప్రింటర్ మీదే నడుస్తోంది. ఉద్దానం ఊళ్ల నుంచి జీడి రైతులు పాస్‌బుక్ కాపీలకి వస్తారు. కిడ్నీ జబ్బు ఉన్న ఇళ్లవాళ్లు పింఛను కాగితాలూ ఆస్పత్రి రిపోర్టులూ పట్టుకొస్తారు. స్కాలర్‌షిప్ పిల్లలు వస్తారు. ఆపా ఉర్దూ మీడియంలో ఏడో తరగతి దాకానే చదివింది. కానీ ఏ దరఖాస్తుకి ఏ ఫైలు ఎన్ని కేబీలు మించకూడదో ఆమెకి జబానీగా వచ్చు.

ఆ రోజు నేను సెలవు మీద ఊరొచ్చి దుకాణంలోనే కూర్చున్నాను. హజ్ దరఖాస్తుకి మర్నాడే ఆఖరీ తారీఖు. సముద్రం వైపు ఊరి నుంచి ఒక చాచా, చాచీ వచ్చారు. పలాసలో జీడి ఫ్యాక్టరీలో జిందగీ అంతా పనిచేసిన మనిషి. జీడిపిక్క నూనె మచ్చలు వేళ్ల మీద ఇంకా ఉన్నాయి. పైసా పైసా కూడబెట్టి ఈ నియ్యత్ చేసుకున్నారు. ప్లాస్టిక్ కవరులో రెండు పాస్‌పోర్టులు, బ్యాంకు చెక్కు, ఫోటోలు. ఆపా బిస్మిల్లా అని స్కానర్ మూత తెరిచి లోపల పాస్‌పోర్టు పెట్టింది. స్కానర్ ఏదీ దొరకలేదని తెర మీద వచ్చింది. చూస్తే ప్రింటర్ కూడా లేదు.

కేబుల్ తీసి పెట్టాం. స్విచ్ ఆపి వేశాం. ఫాయిదా లేదు. వెనక నిలబడ్డ రైతు ఒకాయన "ఏటమ్మా, నిన్న బాగానే ఉంది కదేటి?" అన్నాడు. నిన్న బాగానే ఉంది, నిజమే. ఆపా కొడుక్కి ఫోన్ చేసింది. మా భాంజా టెక్కలిలో బీటెక్ మూడో సంవత్సరం. "రాత్రి కొత్త వెర్షన్ వచ్చింది అమ్మీ, నువ్వు పడుకున్నాక అప్‌గ్రేడ్ చేసేశాను. ఫాస్ట్‌గా లేదూ?" అన్నాడు షౌక్‌గా.

ఫోన్‌తో ఫోటో తీసి పంపుదామని చూశాం. పాస్‌పోర్టు ప్లాస్టిక్ మీద వెలుతురు మెరిసి నంబరు సగమే పడింది. చివరికి చాచా, చాచీని ఆటో ఎక్కించి నేనే కాశీబుగ్గ తీసుకెళ్లాను. అక్కడ వేరే సెంటర్‌లో, కరెంటు పోయి వచ్చాక, మగ్రిబ్ వేళకి పని అయింది. అల్హమ్దులిల్లాహ్. దారి పొడుగునా చాచా ఒక్క మాట అనలేదు. చాచీ మాత్రం తస్బీహ్ తిప్పుతూ కూర్చుంది. ఆ రాత్రి ఆపా అన్నం తినలేదు. "వాళ్ల ఉమర్ ఎంతో చూశావా? ఈ సాలు పోతే మళ్లీ సాలుకి ఎవరుంటారో అల్లాకే తెలుసు" అంది.

భాంజా ఇంటికొచ్చాక పంచాయితీ మొదలైంది. వాడు చెడ్డ పిల్లాడు కాదు, ముందే చెప్తున్నాను. రెండేళ్ల కిందట ఆ దుకాణంలో విండోస్ దొంగ కాపీ ఉండేది. గిరాకీల పెన్‌డ్రైవ్‌లతో వచ్చే వైరస్‌లతో రోజూ మొత్తుకునేవాళ్లం. దాన్ని తీసేసి లినక్స్ వేసి ఆ ఆఫత్ తప్పించింది వాడే. వాడి సవాల్ కూడా సూటిగానే ఉంది: "మామూ, కొత్తది వచ్చాక కూడా పాతదే పట్టుకుని కూర్చోవాలా? మన ఖౌమ్ వెనకబడింది ఇలాంటి ఆలోచనల వల్లే కదా?"

ఆ రాత్రి జవాబు చెప్పలేకపోయాను. నాది ఉర్దూ మీడియం స్కూలు, తెలుగులో డిగ్రీ, ఇంజనీరింగ్ కాదు. కానీ ఇరవై ఏళ్లుగా ఖబర్లు రాసి బతుకుతున్నవాణ్ని, అడిగి తెలుసుకోవడం వచ్చు. అడిగాను, చదివాను. ఇప్పుడు నా ఫైసలా చెప్తాను.

ముందు అసలు సంగతి. లినక్స్‌లో ఎక్కువమంది వాడేవాటిలో ఉబుంటు ఒకటి. దాని హిసాబ్ తేలికగా అర్థమవుతుంది కాబట్టి దాన్నే మిసాల్‌గా తీసుకుంటాను. 2004 అక్టోబర్‌లో మొదటి విడుదల వచ్చింది. అప్పటినుంచి ఆర్నెల్లకొకటి, ఏప్రిల్‌లో, అక్టోబర్‌లో. పేరులోనే తారీఖు ఉంటుంది: 24.04 అంటే 2024 ఏప్రిల్, 25.10 అంటే 2025 అక్టోబర్. వీటిలో రెండు రకాలు. రెండేళ్లకొకసారి, సరి సంవత్సరం ఏప్రిల్‌లో వచ్చేది ఎల్‌టీఎస్, అంటే దీర్ఘకాలం ఆసరా ఇస్తామని చెప్పి ఇచ్చేది. దానికి ఐదేళ్లు సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తాయి. ఇంట్లో వాడుకునేవాళ్లు ఉచితంగా పేరు నమోదు చేసుకుంటే, ఐదు మెషిన్ల దాకా, పదేళ్లు. మధ్యలో వచ్చే మిగతావన్నీ తొమ్మిది నెలలవి. తొమ్మిది నెలలు కాగానే వాటి సంగతి ఖతం, తర్వాతిదానికి మారి తీరాలి.

మిగతావాటిలోనూ ఇదే తేడా వేరే వేరే పేర్లతో ఉంటుంది. ఫెడోరా ఆర్నెల్లకొకటి వస్తుంది, ఒక్కోదానికి సుమారు పదమూడు నెలల ఆసరా. ఆర్చ్‌లో వెర్షన్ నంబర్లే లేవు, కొత్త సామాను రోజూ వస్తూనే ఉంటుంది. లినక్స్ మింట్ వాళ్లు 2014 నుంచి తమ ముఖ్య విడుదలలని ఉబుంటు ఎల్‌టీఎస్ పునాది మీదే కడుతున్నారు. డెబియన్ వాళ్లయితే తయారైనప్పుడే ఇస్తాం అంటారు. వాళ్ల దగ్గర ఎప్పుడూ మారుతూ ఉండే కొత్త సామాను గదికి సిడ్ అని పేరు. అది టాయ్ స్టోరీ సినిమాలో బొమ్మలు విరగ్గొట్టే పిల్లాడి పేరు. ఈ మాట చెప్తే ఆపా ఆ పంచాయితీ మధ్యలోనే నవ్వేసింది, కొడుకు వైపు చూసి.

ఉబుంటులో మొదటి ఎల్‌టీఎస్ 6.06. నిజానికి అది 2006 ఏప్రిల్‌లో రావాలి. దీర్ఘకాలం నిలబడాల్సింది కదా, ఇంకా సరిచేయాలని వాయిదా వేసి జూన్‌లో ఇచ్చారు. నాకు ఈ చిన్న సంగతి నచ్చింది. తారీఖు దాటింది, కానీ సబర్ చేసి పని పూర్తి చేశారు.

మా దుకాణంలో ఏం జరిగిందో భాంజాయే కనిపెట్టాడు. ప్రింటర్, స్కానర్ కోసం తయారీదారు ఇచ్చిన డ్రైవర్ పాత వెర్షన్‌లోని ఒక లైబ్రరీ మీద ఆధారపడి పనిచేస్తుంది. కొత్త విడుదలలో ఆ లైబ్రరీ తీసేశారు. రెండు వైపులా ఎవరి పని వాళ్లు చేసుకున్నారు, మధ్యలో ఆపా ఇరుక్కుంది. ఏ డిస్ట్రో, ఏ ప్రింటర్ అని పేర్లు రాయను. కొత్తదానిలో ఇలాంటివి జరుగుతాయి, కొత్త అంటేనే అది.

పెద్దవాళ్లకీ జరిగాయి. ఉబుంటు 17.10 విడుదలయ్యాక, 2017 డిసెంబర్‌లో, దాని డౌన్‌లోడ్ లింకునే కొన్నాళ్లు తీసేశారు. ఎందుకంటే అందులోని ఒక డ్రైవర్ వల్ల కొన్ని లెనోవో ల్యాప్‌టాప్‌లలో, ఇంకొన్ని వేరే కంపెనీలవాటిలో, బయోస్ సెట్టింగులు సేవ్ కాకుండా పోయాయి. సరిచేసిన కాపీ జనవరిలో వచ్చింది. మొన్న 2025 అక్టోబర్‌లో వచ్చిన 25.10 చూడండి. దానిలో దశాబ్దాలుగా నడుస్తున్న చిన్న చిన్న పనిముట్లని తీసేసి, రస్ట్ అనే భాషలో కొత్తగా రాసినవి పెట్టారు. మంచి ఇరాదాతోనే. కానీ తారీఖు చెప్పే పనిముట్టులో ఒక లోపం వల్ల, కొన్ని మెషిన్లలో అప్‌డేట్ల కోసం తనంతట తాను వెతికే పని ఆగిపోయింది. తర్వాత సరిచేశారు, కానీ ఆ సవరణ అందుకోవడానికి కూడా వాడకందారే చేత్తో అప్‌డేట్ చేసుకోవాల్సి వచ్చింది. తెలిసిన పిల్లాడికి అది రెండు నిమిషాల పని. ఆపాకి అది ఎప్పటికీ తెలియని నుక్సాన్.

ఇంతవరకు చదివి "చూశావా, పాతదే మేలు, నా పాత సిస్టమ్‌ని ఎవరూ ముట్టుకోవద్దు" అని మీలో ఎవరైనా అనుకుంటే, ఆగండి భాయ్. మన ఇళ్లలో ఎక్కువగా జరిగే గలతీ అదే. ఎల్‌టీఎస్ అంటే పాతది కాదు. ఎల్‌టీఎస్ అంటే ఒక వాదా. ఫలానా తారీఖు దాకా మీ ఇంటి తలుపుకి, కిటికీలకి మేము పహరా ఉంటాం, మీ సామాను మాత్రం కదపం అని ఇచ్చే మాట. ఆ తారీఖు దాటిపోయిన మెషిన్, అప్‌డేట్లు ఆపేసిన మెషిన్ పాతదీ కాదు, నిలకడైనదీ కాదు. గొళ్లెం లేని ఇల్లు అది.

దానికి రుజువు మన జిల్లాలోనే ఉంది. 2017 మే 12న వానాక్రై అనే పురుగు ప్రపంచం మీద పడింది. 150 దేశాల దాకా పాకింది. ఫైళ్లకి తాళం వేసి, మూడొందల డాలర్లు కడితే తీస్తామంది. బ్రిటన్‌లో ఆస్పత్రులు ఆగిపోయాయి. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని దెబ్బతిన్నాయి, ఆ ఖబర్‌లో వచ్చిన జిల్లాల పేర్లలో శ్రీకాకుళం కూడా ఉంది. అసలు సంగతేమిటంటే, ఆ పురుగు దూరే కంతని మైక్రోసాఫ్ట్ మార్చి 14నే పూడ్చింది. అంటే రెండు నెలల ముందే మందు వచ్చింది. అప్పటికీ ఆసరా ఉన్న విండోస్‌లో ఆ అప్‌డేట్ వేసుకున్నవాళ్లు బచాయించారు. అప్‌డేట్లు ఆపేసుకున్నవాళ్లు, 2014 ఏప్రిల్‌లోనే ఆసరా ఆగిపోయిన ఎక్స్‌పీలాంటివి పట్టుకున్నవాళ్లు గుమ్మం తెరిచిపెట్టి కూర్చున్నట్టయింది.

ఎక్స్‌పీని ఎందుకు పట్టుకుని కూర్చున్నారో నాకు తెలుసు. నేను పత్రికలో చేరినప్పుడు తెలుగు అంటే పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లు, ఉర్దూ అంటే ఇన్‌పేజ్. రెండూ విండోస్ మీదే. ఆ ఫైలు ఇంకో మెషిన్‌లో తెరిస్తే అక్షరాలు కాదు, కీడేమకోడే కనిపించేవి. ఖాతిబ్ చేతి రాత ఒక్కటే నస్తాలీఖ్ అనుకున్న మాలాంటివాళ్లకి, తెర మీద నూరీ నస్తాలీఖ్ చూడటం ఎంత ఖుషీనో చెప్పలేను. అందుకే ప్రెస్సుల్లో ఆ మెషిన్‌ని పీర్ సాహెబ్‌లా చూసుకునేవాళ్లం, ఎవర్నీ ముట్టుకోనిచ్చేవాళ్లం కాదు. ఆసరా ఆగిపోయి ఏళ్లయినా అలాగే నడిపారు. ఏదో ఒక రోజు హార్డ్‌డిస్క్ పోయేది, పదేళ్ల ఫైళ్లు పోయేవి. అది నిలకడ కాదు, భయం. రెండూ పైకి ఒకేలా కనిపిస్తాయి.

ఇప్పుడు మళ్లీ అదే మలుపులో ఉన్నాం. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు ఆసరా ఆగిపోయింది. ఇళ్లలో వాడేవాళ్లు పేరు నమోదు చేసుకుంటే సెక్యూరిటీ అప్‌డేట్లు 2026 అక్టోబర్ 13 దాకా అన్నారు. విండోస్ 11 వేద్దామంటే టీపీఎమ్ 2.0 కావాలి, ఇంటెల్ అయితే దాదాపు ఎనిమిదో తరం లేదా ఆ తర్వాతి ప్రాసెసర్ కావాలి. లాక్‌డౌన్‌లో పిల్లల ఆన్‌లైన్ చదువులకి మనం సెకండ్ హ్యాండ్‌లో కొన్న ల్యాప్‌టాప్‌లు చాలావరకు అందులోకి రావు. వాటిని చెత్తలో వేయనక్కర్లేదు. ఒక ఎల్‌టీఎస్ లినక్స్ వేసుకుంటే ఇంకొన్నేళ్లు ఇత్మీనాన్‌గా నడుస్తాయి. దొంగ కాపీ విండోస్ వేసి అప్‌డేట్లు ఆపించుకోవడం మాత్రం వద్దు. హలాల్ హరామ్ సంగతి ఉలమాలు చెప్తారు. నేను చెప్పేది, ఆ మెషిన్‌లో బ్యాంకు పాస్‌వర్డ్ కొట్టకండి అని.

మరి భాంజా మాటలో హఖ్ ఏమీ లేదా? ఉంది. చాలా ఉంది. అది చెప్పకపోతే నేను వాడికి జుల్మ్ చేసినవాణ్నవుతాను.

2018 ఫిబ్రవరిలో ఒక తమాషా జరిగింది, మీకు గుర్తుండే ఉంటుంది. మన తెలుగు అక్షరం 'జ్ఞా' ఒక ప్రత్యేకమైన తీరులో పంపితే ఐఫోన్లలో మెసేజ్‌ల యాప్‌లు కుప్పకూలేవి. మాక్ కంప్యూటర్లలో కూడా. లక్షల రూపాయల ఫోను, మన ఒత్తు ముందు మోకరిల్లింది. అందరం నవ్వుకున్నాం. కానీ ఆలోచించండి. అప్పటికి అందరికీ ఇచ్చేసిన, పక్కాది అనుకున్న ఐఓఎస్ 11.2.5లో ఆ లోపం ఉంది. ఇంకా పరీక్షల్లో ఉన్న 11.3లో అప్పటికే లేదు. అంటే ఆ రోజు కొత్తది వేసుకున్న షౌకీన్లే సురక్షితం. ఆపిల్ ఫిబ్రవరి 19న 11.2.6 ఇచ్చి అందరికీ సరిచేసింది. ఆసరా ఉన్న ఫోన్లన్నిటికీ మందు కొద్దిరోజుల్లో చేరింది. పక్కా అని పేరు పెట్టినంత మాత్రాన లోపం లేనిదని కాదు. లోపం దొరికినప్పుడు సరిచేసి ఇంటికి పంపే జిమ్మేదారీ ఒకరు తీసుకున్నారా లేదా అన్నదే అసలు సవాల్.

ఇంకో మాట. ఎల్‌టీఎస్‌లోకి వెళ్లే సామాను ముందు ఆ తొమ్మిది నెలల విడుదలల్లోనే తిరుగుతుంది. అక్కడ ఎవరో వాడి, దెబ్బ తిని, ఇది పనిచేయడం లేదని రాసి పంపితేనే ఎల్‌టీఎస్ గట్టిగా వస్తుంది. ఆ ఎవరో ఎవరు? ఎక్కువగా ఇంగ్లిష్‌లో టైప్ చేసేవాళ్లు. 'స్త్రీ'లో రెండు ఒత్తులు సరిగ్గా పడ్డాయా, 'క్ష్మి' విరిగిందా అని వాళ్లు చూడరు. నస్తాలీఖ్‌లో నుఖ్తా పక్క అక్షరం మీదకి జారిందా అని వాళ్లకి తెలియదు. మనలో ఎవరూ చూడకపోతే ఆ లోపం అలాగే ఎల్‌టీఎస్‌లోకి వెళ్తుంది. ఒకసారి వెళ్లాక పెద్ద ప్రమాదం ఉన్నవే సరిచేస్తారు, అక్షరం కాస్త పక్కకి జరిగిందంటే ఐదేళ్లు అలాగే ఉండొచ్చు. కాబట్టి తెలుగు, ఉర్దూ రెండూ వచ్చిన పిల్లలు కొత్త వెర్షన్లు వాడటం షౌక్ మాత్రమే కాదు, ఖిద్మత్ కూడా. మన పిల్లలకి ఉన్న ఈ రెండు జబాన్‌ల హునర్ చాలామందికి లేదు. మన తెలుగువాళ్లలో స్వేచ్ఛ అనే సంస్థవాళ్లు డెబియన్ పునాదిగా తెలుగు ముఖంతో ఒక ఆపరేటింగ్ సిస్టమ్ చేశారు. అలాంటి పని కొత్తదాన్ని ముట్టుకోవడానికి భయపడేవాళ్ల వల్ల కాదు.

ఎల్‌టీఎస్‌కి లోటుపాట్లు లేవా అంటే అవీ ఉన్నాయి. నిన్న కొన్న ల్యాప్‌టాప్‌లో రెండేళ్ల కిందటి ఎల్‌టీఎస్ వేస్తే వైఫై దొరక్కపోవచ్చు. దాని కోసమే ఉబుంటు వాళ్లు ఎల్‌టీఎస్‌కే మధ్యలో కొత్త కెర్నల్‌తో తాజా కాపీలు ఇస్తారు. వాటి నంబరు చివర .1, .2 అని ఉంటుంది, కొత్త కెర్నల్ మాత్రం .2 నుంచి వస్తుంది. ఏదైనా ఒక సాఫ్ట్‌వేర్ కొత్తది కావాలంటే, సిస్టమ్ అంతా మార్చకుండా ఆ ఒక్కదాన్నే స్నాప్ లేదా ఫ్లాట్‌పాక్ రూపంలో వేసుకోవచ్చు. ఒక గదికి సున్నం వేయడానికి ఇల్లంతా పడగొట్టనక్కర్లేదు.

ఇంకో రాష్ట్రం సంగతి చూడండి. కేరళ ప్రభుత్వ బడుల్లో ఏళ్లుగా లినక్స్‌తోనే చదువు చెప్తున్నారు. అక్కడి కైట్ సంస్థ బడుల కోసం తయారుచేసే సిస్టమ్‌కి పునాది ఉబుంటు ఎల్‌టీఎస్. వాటి పేర్లలోనే 18.04, 22.04 అని ఉంటుంది. కొత్తది చేతకాక కాదు. లక్షలమంది పిల్లలు, టీచర్లు ఒకే పాఠం చూసి ఒకే బటన్ నొక్కాలి. ఆర్నెల్లకోసారి ఆ బటన్ స్థలం మారితే చదువు చెప్పడం మానేసి బటన్ వెతుక్కోవాలి.

కాబట్టి నా ఫైసలా ఇది. పాతదా కొత్తదా అన్నది మన పసందు మీద తేలే సంగతి కాదు. ఆ మెషిన్‌లో ఎవరి పని ఉంది? ఈ ఒక్క సవాల్‌కి జవాబు చెప్పుకుంటే చాలు. నా పని ఒక్కటే ఉంటే, అది చెడిపోతే నేనొక్కణ్నే కూర్చుని సరిచేసుకుంటానంటే, కొత్తది వేసుకోండి, నేర్చుకోండి, ముబారక్. అందులో ఇంకొకరి పాస్‌పోర్టు ఉంటే, ఇంకొకరి పింఛను ఉంటే, ఇంట్లో ఐదుగురి రోజీ ఉంటే, అది అమానత్. అమానత్ మీద మన షౌక్ పరీక్షించే ఇజాజత్ మనకి లేదు. మా భాంజా చేసిన గలతీ కొత్త వెర్షన్ వేయడం కాదు. అమ్మీ నిద్రపోయాక, అడగకుండా, ఆఖరీ తారీఖు ముందు రాత్రి వేయడం.

ఉద్దానంలో ఈ సంగతి ఎవరికీ నేర్పనక్కర్లేదు. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస చుట్టుపక్కల కొబ్బరి, జీడి తోటల్ని ఒక్క రాత్రిలో నేలకూల్చింది. కొబ్బరి మొక్క మళ్లీ నాటితే కాపుకి ఏళ్లు పడుతుంది. ఆ రైతులు కొత్త రకం మొక్క వద్దనరు, తెచ్చుకుంటారు. కానీ కాపు కాసే తోట నరికేసి ఆ స్థలంలో దాన్ని పెట్టరు. గట్టు పక్కన ఒక మూల నాటి రెండు మూడేళ్లు చూస్తారు.

ఇక మష్వరా, కాగితం మీద రాసుకోదగ్గవి నాలుగే నాలుగు. ఒకటి, మీ సిస్టమ్ పేరేమిటి, దాని ఆసరా ఏ సంవత్సరం దాకా ఉందో ఈ రోజే తెలుసుకోండి. ఇంట్లో ఫ్రిజ్ వారంటీ తెలిసినవాళ్లకి ఇది కష్టం కాదు. రెండు, కొత్త ఎల్‌టీఎస్ వచ్చిన రోజే పరుగెత్తకండి. ఉబుంటు వాళ్లే పాత ఎల్‌టీఎస్ వాడేవాళ్లకి కొత్త ఎల్‌టీఎస్‌ని మామూలుగా మొదటి తాజా కాపీ, అంటే .1, వచ్చాకే చూపిస్తారు. వాళ్లే ఆగమంటున్నప్పుడు మనకి జల్దీ ఏమిటి? మూడు, మార్చే ముందు కొత్తదాన్ని పెన్‌డ్రైవ్‌లో వేసి, ఇన్‌స్టాల్ చేయకుండానే నడిపి చూడండి. ప్రింటర్, స్కానర్, వైఫై, తెలుగు, ఉర్దూ అన్నీ ఒకసారి ముట్టి చూడండి. ఫైళ్లన్నీ వేరే డిస్కులోకి కాపీ తీసి పెట్టుకోండి. నాలుగు, సెక్యూరిటీ అప్‌డేట్ వేరు, వెర్షన్ మార్చడం వేరు. మొదటిది రాగానే వేసుకోండి, ఏ ఎల్‌టీఎస్ అయినా. రెండోదానికే సబర్.

మా ఇంట్లో సులహ్ ఇలా కుదిరింది. దుకాణం మెషిన్‌లో ఎల్‌టీఎస్ తిరిగి వేశారు. మానిటర్ అంచు మీద భాంజా ఒక స్టిక్కర్ అంటించాడు, దాని మీద 2029 అని ఒకటే అంకె. ఆపాకి దాని మతలబ్ తెలుసు. నా పాత ల్యాప్‌టాప్ వాడికిచ్చేశాను. అందులో వాడు ఏం కావాలంటే అది వేసుకుంటాడు, ఈ నెలలో ఇది మూడోసారి. వేసిన ప్రతిసారీ ఒక కాగితం మీది తెలుగు మాటలు, ఉర్దూ పేర్లు టైప్ చేసి చూడాలని షర్త్ పెట్టాను. కాగితం నేనే రాసిచ్చాను. ఒకసారి ఒక ఉర్దూ పేరులో నుఖ్తాలు కలిసిపోయాయని కనిపెట్టి, తెర ఫోటోతో సహా ఆ సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లకి రిపోర్టు పంపాడు. ఇంకా జవాబు రాలేదు. వాడు మాత్రం రోజూ చూసుకుంటున్నాడు.

ఆపాతో వాడి బహస్ ఇంకా అయిపోలేదు. "2029 అంటే చాలా దూరం అమ్మీ, అప్పటికి ఇదంతా ముసలిదైపోతుంది" అంటాడు. "నేనూ అవుతాను, నన్ను కూడా మారుస్తావా?" అంటుంది ఆపా.

మొన్న జుమ్మా తర్వాత చాచా మళ్లీ దుకాణానికి వచ్చాడట, ఆధార్ కాపీ కోసం. స్కానర్ వెలుతురు ఆ చివర నుంచి ఈ చివరకి వెళ్లేదాకా కన్నార్పకుండా చూసి, రెండు రూపాయలు బల్ల మీద పెట్టి వెళ్లాడని ఆపా చెప్పింది. కుర్రాలో వాళ్ల పేర్లు రావాలని దువా చేయండి.

ఖుదా హాఫిజ్.